‘కాదు’ అనుడు రాని డ్రైవర్

పోయిన చలికాలం ముచ్చట. మా ఊరి చదువుల గదిల ఒక పాత కంప్యూటర్ ఉన్నది. పట్నంల ఎవరో ఆఫీసు ఖాళీ చేస్తుంటే తెచ్చుకున్న డబ్బా. అండ్ల లినక్స్ ఎక్కించి, మూడు వందల రూపాయల వైఫై డాంగిల్ గుచ్చి నడుపుతున్నం. పోటీ పరీక్షలకు చదివే పొల్లగాండ్లు దరఖాస్తులన్నీ దాని మీదనే నింపుకుంటరు. అప్పటిదాక రౌటర్ గదే గదిల ఉండె. గోడకు చెమ్మ వస్తున్నదని దాన్ని తొవ్వ అవతల పంచాయతి ఆఫీసులకు మార్చిన్రు. తెల్లారి నుంచి నెట్ రాలే.

రాలేదంటే పూర్తిగ తెగిపోలే, గదే తలనొప్పి. నెట్‌వర్క్ పేరు కనవడుతది. గీతలు రెండు మూడు చూపిస్తది. ‘కనెక్ట్ అయింది’ అంటది. పేజీ మాత్రం తెరుచుకోదు. అదే జాగల నిలవడి ఫోన్ల చూస్తే మంచిగ వస్తున్నది. కంప్యూటర్ ఒక్కటే నోరు మూసుకొని కూసున్నది. ఏ తప్పూ చూపిస్తలేదు, ఏ హెచ్చరికా ఇస్తలేదు.

ఒక చెల్లెకు మర్నాడే దరఖాస్తు ఆఖరు తేదీ. రాత్రి దాక చూసి, పొద్దుగాల బస్సెక్కి మండల కేంద్రంల నెట్ సెంటర్‌కు పోయింది. బస్సు కిరాయి, సెంటర్ వాని ఫీజు, ఆ దినం పత్తి ఏరే కూలి, అన్నీ కలిపి ఆమెకు పడ్డ దెబ్బ. మాకు అసలు సంగతి తెలిసేసరికి ఇంకో రోజు పట్టింది. తెలిసినంక నాకు సిగ్గయింది, ఎందుకంటే సగం తప్పు నాదే. మిగిలిన సగం ఆ డాంగిల్ డ్రైవర్‌ది. గా సగం ఏందో చెప్తందుకే గిదంత రాస్తున్న. నేను ఇంజినీరింగ్ సదవలే. చెడిపోయినప్పుడల్లా విప్పి చూసి నేర్సుకున్నోణ్ణి. నాకు అర్థమయినట్టే చెప్త.

రేటు అంటే ఏంది?

వైఫై గాలిల మాట్లాడుతది గదా, ఎంత జల్ది మాట్లాడాల్నో దానికి ఒక లెక్క ఉంటది. అదే ట్రాన్స్‌మిషన్ రేటు. పక్కన కూసున్న దోస్తుతోని గడగడ మాట్లాడొచ్చు. చెలక అవతలి గట్టు మీద ఉన్నోనికి అట్ల చెప్తే ఒక్క ముక్క అర్థం కాదు. ఆగి ఆగి, ఒక్కో మాట ఒత్తి పలకాలె. రేడియో కూడ అంతే. దగ్గరుంటే ఎక్కువ రేటు, దూరముంటే, నడుమ గోడలుంటే తక్కువ రేటు. తక్కువ రేటు నిదానమే గని గట్టిది. ఎక్కువ రేటు జల్దిదే గని నాజూకుది.

పాత వైఫైల 2.4 గిగాహెర్ట్జ్ మీద ఈ రేట్లు మొత్తం పన్నెండు. 1, 2, 5.5, 11 అనే నాలుగు మొదటివి. తర్వాత 6, 9, 12, 18, 24, 36, 48, 54 అనే ఎనిమిది. ఇవి సెకండుకు మెగాబిట్లు. 5 గిగాహెర్ట్జ్ మీద మొదటి నాలుగు ఉండయ్, ఈ ఎనిమిదే ఉంటయ్. ఈ సంగతి యాదిల పెట్టుకోండ్రి, ముందట పనికొస్తది.

ఏ రేటు వాడాల్నో మనం చెప్పే పని లేదు. లినక్స్ల ఆ పనికి ‘మిన్‌స్ట్రెల్’ అని ఒకటున్నది. మొదలు మ్యాడ్‌వైఫై అనే పాత డ్రైవర్ల పుట్టి, 2008ల లినక్స్ కెర్నెల్‌లకు వచ్చింది. మిన్‌స్ట్రెల్ అంటే యూరప్‌ల ఊరూరు తిరిగి పాడే గాయకుడు. మన బాలసంతుల లెక్క అనుకోండ్రి. ఏ ఊర్ల గింజలు ఎక్కువ పడితే ఆ ఊర్ల ఎక్కువ దినాలు పాడుతడు. అయినా నడుమ నడుమ వేరే ఊరికి పోయి చూసొస్తడు, ఆడ ఇప్పుడు ఇంకా మంచిగున్నదేమో అని. ఈ పద్ధతి గూడ అంతే. ఎక్కువ మాటలు చేరే రేటు మీదనే నడుస్తది. కొన్ని ప్యాకెట్లు మాత్రం వేరే రేట్ల మీద పంపి పరీక్షిస్తది. గాలి మారితే తాను మారుతది. నా ఫోన్ల నెట్ రావడానికి కారణం ఇట్లాంటి తెలివే. రౌటర్ దూరమైంది, ఫోను రేటు తగ్గించుకున్నది.

మరి నా కంప్యూటర్ ఎందుకు తగ్గించుకోలే? నేనే దాని కాళ్లు కట్టేసిన. ‘రేటును ఒక్క దగ్గర కట్టేస్తే స్పీడు నిలకడగ ఉంటది’ అని ఎన్నడో ఒక దగ్గర చదివిన. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ఫైల్ల ఒక వరుస రాసిపెట్టిన. 54 అని కొట్టబోయి 45 అని కొట్టిన. డ్రైవర్ ఏమన్లే. నేను గూడ మర్చిపోయిన. రౌటర్ అదే గదిల ఉన్నన్ని దినాలు అంతా సక్కగనే నడిచింది.

45 అనే రేటు అసలు లేదు

ఇక్కడ ఒకటి అర్థం చేసుకోవాలె. వైఫై రేటు అంటే రేడియో వాల్యూం తిప్పినట్టు ఎంతంటే అంత పెట్టేది గాదు. మెట్ల లెక్క. మెట్టుకూ మెట్టుకూ నడుమ కాలు ఆనదు.

ఎందుకంటే, 6 నుంచి 54 దాక ఉన్న ఎనిమిది రేట్లల్ల రేడియో 48 సన్నటి తొవ్వల మీద ఒకేసారి బిట్లు పంపుతది. ఒక్కో విడతకు 4 మైక్రోసెకన్లు పడతది. ఒక్కో తొవ్వ మీద 1, 2, 4, లేదంటే 6 బిట్లు పెట్టొచ్చు. అండ్ల కొంత భాగం అసలు సరుకు, మిగతాది తొవ్వల పాడైతే సరిచేసుకునేందుకు పెట్టే అదనం. అసలు సరుకు సగమన్నా ఉంటది, మూడింట రెండొంతులన్నా ఉంటది, నాలుగింట మూడొంతులన్నా ఉంటది. 54 ఎట్ల వచ్చిందో చూడండ్రి. 48 తొవ్వలు, ఒక్కోదాని మీద 6 బిట్లు, మొత్తం 288. అండ్ల నాలుగింట మూడొంతులు 216. దాన్ని 4 మైక్రోసెకన్లతోని భాగిస్తే 54. గట్లనే 48కి 192 బిట్లు. 45 కావాలంటే 180 బిట్లు రావాలె. పైన చెప్పిన లెక్కలు ఎన్ని తీర్ల కలిపినా 180 రాదు. అంటే నేను రేడియోను లేని మెట్టు ఎక్కమన్న.

కొత్త వైఫైల ఈ సంగతి ఇంకా చిక్కుగుంటది. 802.11ఎసి అనే రకంల రేటుకు పేరు బదులు నంబరు ఉంటది, ఎంసిఎస్ అంటరు, 0 నుంచి 9 దాక. 9వ నంబరు మంచి రేటే. కానీ 20 మెగాహెర్ట్జ్ వెడల్పుల, ఒక్క ధార మీద అది చెల్లదు. ఎందుకు? ఆ వెడల్పుల 52 తొవ్వలు, ఒక్కోదాని మీద 8 బిట్లు, 416. అండ్ల ఆరింట ఐదొంతులు తీస్తే 346 మీద రెండు మూడొంతులు వస్తది. బిట్టును ముక్కలు చేసి పంపలేం గదా. గందుకే ప్రమాణంల దాన్ని తీసేసిన్రు. అదే మూడు ధారలుంటే 1248ల ఆరింట ఐదొంతులు సరిగ్గ 1040. అప్పుడు చెల్లుతది. తమాషా ఏందంటే, కొన్ని పరికరాలు చెల్లని ఒక్క ధార రేటును గూడ వాడుకుంటయ్. లినక్స్ల స్పీడు లెక్కగట్టే పట్టికల దానికి జాగ ఇచ్చి, ఇది ప్రమాణంల లేదు, కొన్ని పరికరాలు వాడుతున్నయ్ అని పక్కన రాసి పెట్టిన్రు.

కాబట్టి ‘నంబరు 9 మంచిదా చెడ్డదా’ అని ఒక్క మాటల చెప్పలేం. ఏ వెడల్పు, ఎన్ని ధారలు, ఏ బ్యాండు అన్నీ చూస్తేనే తెలుస్తది. డ్రైవర్ రాసేటోళ్లు ఎక్కువ తప్పులు చేసేది గిక్కడనే.

తప్పు రేటు లోపలికి పోతే ఏమైతది?

డ్రైవర్ లోపల రేట్లన్నీ ఒక పట్టికల ఉంటయ్. రేషన్ డీలర్ రిజిస్టర్ల వరుస నంబర్లు ఉన్నట్టు. 2.4 మీద పన్నెండు వరుసలు, 0 నుంచి 11 దాక. ‘ఏడో వరుస చూడు’ అంటే చూస్తది. ‘పన్నెండో వరుస చూడు’ అంటే? సి భాషల రాసిన ప్రోగ్రాం అడగదు, ఆగదు. రిజిస్టర్ అయిపోయినంక పక్కన ఏ కాయితం ఉంటే దాన్నే రేటు అనుకొని చదువుతది. అండ్ల ఏముంటదో ఎవరికీ తెలవదు. మంచిగుంటే నెట్ ఆగుతది. లేకుంటే మొత్తం కంప్యూటరే ఆగుతది.

కింది దిక్కు గూడ ప్రమాదమే. లినక్స్ల ఒక ప్యాకెట్ పంపేటప్పుడు ‘మొదలు ఈ రేటు, రాకుంటే గా రేటు’ అని నాలుగు రేట్ల దాక జాబితా ఇస్తరు. జాబితా నాలుగు కంటె ముందే అయిపోతే ఆడ మైనస్ 1 పెడతరు. అంటే ‘ఇగ లేవు’ అని గుర్తు. ఆ గుర్తును గుర్తుపట్టక రేటు నంబరే అనుకున్న డ్రైవర్, పట్టిక మొదలుకంటె ముందున్న జాగను చదువుతది.

ఇంకోటి. 5 గిగాహెర్ట్జ్‌ల మొదటి నాలుగు రేట్లు ఉండయని చెప్పిన గదా. చాలా డ్రైవర్లు రెంటికీ ఒకే పట్టిక పెట్టుకొని, 5 వచ్చినప్పుడు నాలుగు తీసేసి లెక్కిస్తయ్. చిప్పు పొరపాటున 5 మీద గూడ ‘0వ రేటు’ అని చెప్పిందనుకో, సున్నలకెల్లి నాలుగు తీస్తే మైనస్ 4. దాన్ని మైనస్‌లు పట్టని ఒక్క బైటు డబ్బాల పెడితే అది 252 అయి కూసుంటది. ఎనిమిది వరుసల రిజిస్టర్ల 252వ వరుస!

రౌటర్ పంపే సమాచారంల గూడ ఇట్లాంటి గుంతలున్నయ్. రౌటర్ తన రేట్లను అర మెగాబిట్ లెక్కల చెప్తది, ఎందుకంటే 5.5ను గూడ పూర్తి అంకెల చెప్పాలె గదా. 1కి 2, 5.5కి 11, 54కి 108. ఒక్కో రేటుకు ఒక్క బైటు. ఆ బైటుల అన్నిటికంటె పై బిట్టు వెలిగి ఉంటే ‘ఇది బేసిక్ రేటు’ అని అర్థం. అంటే నా దగ్గరికి వచ్చేటోళ్లందరికీ తప్పనిసరిగ రావాల్సిన రేటు. ఆ బిట్టు తీసెయ్యకుండ చదివితే 1 మెగాబిట్ కాస్త 65 మెగాబిట్ అయితది. ఇంకా, 127 అనే అంకె కనవడితే అది 63.5 రేటు గాదు. ‘802.11ఎన్ తెలిసినోళ్లే రావాలె’ అని రౌటర్ పెట్టిన షరతు. రేటు జాగల కూసున్న షరతును రేటు అనుకుంటే అంతే సంగతులు.

తప్పు ఎవరు చెప్పిన్రు?

మరి తప్పు రేటు వస్తే డ్రైవర్ ఏం చెయ్యాలె? నాకు అర్థమయింది ఒక్కటే. తప్పు ఎవరు చెప్పిన్రో చూసి దాన్నిబట్టి జవాబు ఇయ్యాలె. లినక్స్ కెర్నెల్ల ఈ తేడా సక్కగ కనవడుతది.

మొదటిది, మనిషి తప్పు చెప్తే. నా లెక్క ఎవరో 45 అని కొడతరు. అప్పుడు గడప దగ్గరనే ఆపాలె, ఆపి చెప్పాలె. ‘ఐడబ్ల్యూ’ అనే పనిముట్టుతోని 45 పెట్టమంటే కెర్నెల్ తన పట్టికల వెతుకుతది, దొరకదు, మైనస్ 22 అని వాపసు పంపుతది. 22 అంటే ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’, నువ్వు చెప్పింది చెల్లదు అని. ఆ ఒక్క వరుస నాకు ఆ రోజు కనవడి ఉంటే, గక్కడనే నా తప్పు దిద్దుకుందును.

దీంట్ల ఇంకో లోతు ఉన్నది. రేటు ఉన్నదే అయినా పనికి రాకపోవచ్చు. రౌటర్‌కు బేసిక్ రేట్లు ఉన్నయని చెప్పిన గదా. మనం కట్టేసిన రేట్లల్ల వాటిల ఒక్కటీ లేకపోతే ఆ రౌటర్‌తోని మాట్లాడుడే కుదరదు. గందుకే కనెక్షన్ నడుస్తుంటే కెర్నెల్ ఈ పరీక్ష గూడ చేస్తది. ఒక్క బేసిక్ రేటన్నా మిగలకపోతే ఒప్పుకోదు. మరి మనం పెట్టినప్పుడు సరిగనే ఉండి, తర్వాత వేరే రౌటర్‌కు పోతే? నిన్న చెల్లింది ఇయ్యాల చెల్లదు. అప్పుడు కెర్నెల్ మనం పెట్టిన కట్టును తీసేసి, రేట్లన్నీ తెరిచి, ‘రెంటికీ పొత్తు కుదర్లేదు, నీది తీసేస్తున్న’ అని లోపలి చిట్టాల రాసి పెట్టే ఏర్పాటు ఉన్నది. మనిషి మాట కంటె మనిషి అవసరం పెద్దదని ఒప్పుకున్నట్టు. నెట్ నడుసుడే గదా మనకు కావాల్సింది.

రెండోది, సొంత ఇంటోడే తప్పు చెప్తే. అంటే కెర్నెల్ల ఒక భాగం ఇంకో భాగానికి తప్పు రేటు ఇస్తది. ఎదురుంగ మనిషి లేడు, ప్యాకెట్ చేతుల ఉన్నది, పంపాలె. అప్పుడు అన్నిటికంటె తక్కువ రేటుకు దిగాలె. ఇంటెల్ కంపెనీ చిప్పులకు లినక్స్ల ఉన్న డ్రైవర్ గట్లనే చేస్తది. వచ్చిన నంబరు తనకు తెలిసిన పాత రేట్లల్ల లేకపోతే, కింది మెట్టును పట్టుకుంటది. చీకట్ల మెట్లు దిగేటప్పుడు కాలు ఆనకపోతే పైకి దునుకుతమా? కిందనే తడుముకుంటం.

మూడోది, తప్పు బయటి నుంచి వస్తే. గాలిల కెల్లి వచ్చిన ప్యాకెట్ గురించి చిప్పు ‘ఇది ఫలానా రేటు మీద వచ్చింది’ అని చెప్తది. చిప్పు చెప్పేది గూడ తప్పు కావొచ్చు. 802.11ఎన్ రేటు అని చెప్పి నంబరు 76 దాటితే, కెర్నెల్ హెచ్చరిక రాసుకొని ఆ ప్యాకెట్‌ను పారేస్తది. ఎసి రకానికీ, తర్వాత వచ్చినవాటికీ గూడ ఇట్లాంటి గీతలే ఉన్నయ్. ఒక్క ప్యాకెట్ పోతే అవతలోడు మళ్ల పంపుతడు. కంప్యూటర్ మొత్తం ఆగుడు కంటె అది నయం. అథెరోస్ చిప్పుల డ్రైవర్ల ఇట్లాంటి జాగల రాసినోళ్లు పెట్టిన మాట నాకు నచ్చింది. హార్డ్‌వేర్ ఈ ప్యాకెట్ బాగనే ఉన్నదని ముందే తేల్చింది కాబట్టి మనం ఇక్కడి దాక రాకూడదు అని రాసిన్రు. రాకూడదు అని తెలిసినా, వస్తే ఏం చెయ్యాల్నో గూడ రాసి పెట్టిన్రు. అదీ జాగ్రత్త అంటే.

హెచ్చరిక గురించి ఒక మాట. కెర్నెల్ల ‘వార్న్’ అనే పెద్ద కేక ఒకటి ఉంటది. అసలు జరగనే జరగదు అనుకున్నది జరిగితే ఆ కేక వెయ్యాలె. మనిషి తప్పు కొట్టిన ప్రతిసారీ వెయ్యొద్దు. కొన్ని కంప్యూటర్లను ‘కేక వినవడితే యంత్రం ఆపెయ్యి’ అని పెట్టి ఉంచుతరు. అట్లాంటి దాని మీద ఎవడో ఒకడు తప్పు రేటు కొట్టి మొత్తం యంత్రాన్నే పడగొట్టొచ్చు. గూగుల్ వాళ్లు 2017 నుంచి నడిపే ‘సిజ్‌బాట్’ అనే యంత్రం పని ఇదే. పగలూ రాత్రీ కెర్నెల్‌కు పిచ్చి పిచ్చి కోరికలు పంపుకుంట ఎక్కడ పడిపోతదో చూస్తది. ‘ఈ స్టేషన్‌కు పనికొచ్చే రేటు ఒక్కటీ లేదు’ అనే కేకను గూడ అది బయటికి తీసింది. పంపేందుకు ఒక్క రేటూ మిగలని స్థితి లోపలి దాక వచ్చిందంటే, గడప దగ్గర ఎవరో సరిగ చూడలేదన్నట్టు.

మా డాంగిల్ ఏం చేసింది?

ఇగ మా డబ్బా కాడికి వద్దాం. ఆ డాంగిల్ డ్రైవర్ కెర్నెల్లది గాదు. చిప్పు కంపెనీ విడిగ ఇచ్చింది, పాతది. కోడ్ తెరిచి చూసిన. రేటు పెట్టే జాగల వరుసగ రాసి ఉన్నది. 1 వస్తే ఇది, 2 వస్తే ఇది, గట్ల 54 దాక. చివర్ల ‘వీటిల ఏదీ కాకపోతే’ అని ఒక వరుస. ఆ వరుసల ఏమున్నదనుకుంటున్నరు? అన్నిటికంటె ఎక్కువ రేటు. 54.

అర్థమయిందా తమ్మీ? నేను 45 అన్న. అది తెలవదు అనలే. నన్ను అడగలే. నోరు మూసుకొని 54కు కట్టేసి, ‘అయింది’ అని జవాబు ఇచ్చింది. ఒకే గదిల ఉన్నప్పుడు 54 నడిచింది. తొవ్వ దాటి, రెండు గోడలు దాటినంక నడవలే. కనెక్ట్ అయ్యే మాటలు తక్కువ రేటు మీద పోతయ్ కాబట్టి ‘కనెక్ట్ అయింది’ అని చూపిస్తనే ఉన్నది. అసలు సరుకు మాత్రం 54 మీద పంపుకుంట, పోగొట్టుకుంట, మళ్ల పంపుకుంట ఉన్నది. మిన్‌స్ట్రెల్ లెక్క కిందికి దిగుదామంటే, కాళ్లు కట్టేసి ఉన్నయ్.

మనిషి చెప్పిన తప్పుకు అది రెండు తప్పులు కలిపింది. గడప దగ్గర కాదనాల్సింది, అన్లే. పోనీ సర్దుకుంటే కింది మెట్టుకు సర్దుకోవాల్సింది, పై మెట్టుకు సర్దుకున్నది. రాసినోనికి స్పీడు గొప్పగ కనవడాలె అనుకుంట. డబ్బా మీద అచ్చేసే అంకె అదే గదా.

బాగు చేసుడు ఎంత పని? మొదటి ఫైల్ల నా వరుస తీసేసిన, నెట్ వచ్చింది. తర్వాత డ్రైవర్ల ఆ చివరి వరుస మార్చిన. 54 పెట్టేది తీసి, మైనస్ 22 వాపసు పంపేది పెట్టిన. మళ్ల కట్టి, కావాల్నని 45 కొట్టి చూసిన. ‘చెల్లదు’ అన్నది. ఆ మాట చూసి ఎన్నడూ అంత సంబురపడలే. ఆ మార్పును ఆ కోడ్ నకలు చూసుకునేటోళ్లకు పంపిన.

ఇది మనకెందుకు?

ఇదంత ఒక చిన్న వరుస కత అని కొట్టేస్తరేమో. దెబ్బ ఎవరికి తగిలిందో చూడండ్రి. పట్నంల మంచి ల్యాప్‌టాప్ ఉన్నోనికి ఈ డాంగిల్ అక్కర లేదు. వాని చిప్పుకు కెర్నెల్లనే డ్రైవర్ ఉంటది, నలుగురు చూస్తుంటరు, తప్పు దొరికితే దిద్దుతరు. మన చేతికి వచ్చేది మూడు వందల డాంగిల్, ఎన్నడో రాసి వదిలేసిన డ్రైవర్. తప్పు అడుగున ఉంటది, కూలి పోయేది పత్తి ఏరే పిల్లది.

దరఖాస్తు ఆఫీసుల తిరస్కరిస్తే ‘ఎందుకు తిరస్కరించిన్రు’ అని అడుగుతం గదా. కారణం రాసియ్యమని కొట్లాడుతం. అంతకంటె ఘోరం ఇంకోటున్నది. దరఖాస్తు తీసుకొని, ‘అయింది పో’ అని, లోపల వేరే ఏదో రాసుకునుడు. నా డాంగిల్ చేసింది గదే. ‘కాదు’ అనే మాట మనకు కోపం తెప్పియ్యొచ్చు. కానీ కారణంతోని చెప్పిన ‘కాదు’ మనల్ని మోసం చెయ్యదు. ఉత్త ‘అయింది’ చేస్తది. యంత్రాలైనా, ఆఫీసులైనా, మనం అడగాల్సింది గిదే. చెల్లకపోతే చెల్లదని చెప్పు. ఎందుకో చెప్పు. నాకు తెలవకుండ మార్చకు.

నేను దాన్ని పట్టుకోగలిగిన అంటే ఒక్కటే కారణం. ఆ డ్రైవర్ పాతదైనా, పాడుదైనా, కోడ్ తెరిచి ఉన్నది. మూసి ఉంటే, డాంగిల్ పారేసి ఇంకోటి కొనుక్కుందుము. తప్పు అట్లనే ఉండేది, ఇంకో ఊర్ల ఇంకో పిల్ల బస్సెక్కేది.

మీరు ఏం చెయ్యొచ్చు?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, లినక్స్ ఉన్న కంప్యూటర్ దొరికితే ఇవి చేసి చూడండ్రి.

రేటును కట్టెయ్యకుండ్రి. ఎవరు చెప్పినా సరే. ఎన్నడో పరీక్ష కోసం కట్టేసినా, అయిపోంగనే విప్పుండ్రి. నెట్ వస్తలేకపోతే ‘ఐడబ్ల్యూ’తోని లింకు చూడండ్రి, ఏ రేటు మీద పంపుతున్నదో చూపిస్తది. దూరముండి గూడ ఆ అంకె ఒక్క దగ్గరనే కదలకుండ ఉంటే అనుమానపడుండ్రి. ‘డిమెసేజ్’ అని లోపలి చిట్టా ఉంటది. అండ్ల రేటు మాట వస్తున్నదేమో వెతుకుండ్రి. భయపడేదేం లేదు, అది కెర్నెల్ రాసుకునే డైరీ.

డాంగిల్ లేకున్నా నేర్సుకోవచ్చు. కెర్నెల్ల ‘మాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్’ అని ఒకటున్నది. అది కంప్యూటర్ లోపలనే ఉత్తుత్త వైఫై రేడియోలు తయారు చేస్తది. ఒకదాన్ని రౌటర్ చేసి, ఇంకోదాన్ని ఫోన్ లెక్క చేసి ఆడుకోవచ్చు. దాని మీద కావాల్నని తప్పు రేట్లు కొట్టండ్రి. 45 కొట్టండ్రి. బేసిక్ రేట్లన్నీ తీసేసి చూడండ్రి. ఏ తప్పుకు ఏ జవాబు వస్తదో రాసుకోండ్రి. చెడిపోయేదేం ఉండదు, పైసా ఖర్చు లేదు.

డ్రైవర్ కోడ్ దొరికితే, మొత్తం అర్థం కావాల్సిన పని లేదు. ‘ఏదీ కాకపోతే’ అనే వరుస ఏడున్నదో వెతుకుండ్రి. ఆడ ఏం రాసిన్రో చూడండ్రి. తెలవనిది వచ్చినప్పుడు ఏం చెయ్యాల్నో రాసినోళ్లు ఎంత ఆలోచించిన్రో ఆ ఒక్క వరుసలనే తెలిసిపోతది. తప్పనిపిస్తే అడగండ్రి, దిద్ది పంపుండ్రి. ఇంగ్లీషు పెద్దగ రావాల్సిన పని లేదు. ఏం కొట్టిన్రు, ఏం రావాలె, ఏం వచ్చింది, గీ మూడు ముక్కలు చాలు.

ఆ చెల్లె దరఖాస్తు ఆఖరు గడియల చేరింది. మళ్ల చదువుల గదికి వచ్చినప్పుడు కంప్యూటర్ ముందట కూసోబెట్టి ఆ వరుస చూపిచ్చిన. ‘నా బస్సు కిరాయి గీ వరుసలనా పోయింది?’ అన్నది. అవునన్న. నా వేలు జారిన సంగతి గూడ చెప్పిన, కిరాయి పైసలు చేతుల పెట్టిన. తీసుకున్నది. ఇప్పుడు ఆమె పరీక్ష పుస్తకాల నడుమ సి భాష పుస్తకం ఒకటి కనవడుతున్నది.